బకాయి ఎవరిది? ఒక ఫీజు రీయింబర్స్‌మెంట్ కేసు, మొదటి నుంచి ఇప్పటిదాకా

కేసు క్లుప్తంగా ఇది. తెలంగాణలో ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో 2021లో కన్వీనర్ కోటా కింద చేరిన బీసీ అమ్మాయి 2025 వేసవిలో బీటెక్ పూర్తి చేసింది. అన్ని సబ్జెక్టులూ మొదటిసారే పాసైంది. రెండేళ్ల ఫీజు రీయింబర్స్‌మెంట్ 70,000 రూపాయలు ప్రభుత్వం నుంచి రాలేదు కాబట్టి ఆ డబ్బు కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామని కాలేజీ చెప్పింది. తండ్రి మరమగ్గాల కార్మికుడు, తల్లి బీడీలు చుడుతుంది. నేను జిల్లా స్థాయిలో న్యాయవాదిని. విద్యార్థుల ఫీజులు, సర్టిఫికెట్ల కేసులు ఎక్కువగా చూస్తాను. కుటుంబం ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. ఊరు, కాలేజీ, మనుషుల పేర్లు ఇవ్వడం లేదు. ఇలాంటి కేసు చేతికొచ్చిన న్యాయవాదికీ పారాలీగల్ వలంటీరుకీ, ఇంట్లో ఇదే ఇబ్బంది పడుతున్న తల్లిదండ్రులకూ పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

తల్లి మొదటి రోజే అడిగిన ప్రశ్న: "మేడం, మేం కట్టాల్సినయన్నీ కట్టినం. సర్కారు కట్టాల్సింది మా బిడ్డను ఎందుకు అడుగుతుండ్రు?" చట్టపరంగా చూసినా ఈ కేసులో అడగాల్సిన ప్రశ్న అదే.

పథకం లెక్క

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2008-09లో ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను బీసీలకు విస్తరించింది. అంతకుముందు పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ ప్రధానంగా ఎస్సీ, ఎస్టీలదే. ఈ పథకం లేకపోతే మా జిల్లాలో సగం ఇళ్లలో ఇంజినీరు ఉండేవాడు కాదు. ఉన్నత విద్యపై కేంద్రం చేసిన 2021-22 సర్వే ప్రకారం దేశంలో స్థూల నమోదు నిష్పత్తి (కాలేజీ వయసు జనాభాతో పోలిస్తే ఉన్నత విద్యలో చేరినవాళ్ల లెక్క) 28.4 శాతమైతే తెలంగాణలో 40 శాతం. ఆ తేడాకు కారణాలు చాలా ఉన్నాయి. బీడీలు చుట్టే తల్లి కూతురిని కాలేజీకి పంపే ధైర్యం చేయడానికి మాత్రం ఈ పథకమే కారణమని నేను కళ్లారా చూశాను. అందుకే దీన్ని తీసేయమనే వాదనతో నేను ఎన్నడూ ఏకీభవించను.

2012లో బీసీ, ఈబీసీ (ఆర్థికంగా వెనకబడిన వర్గాల) ఇంజినీరింగ్ విద్యార్థులకు ఏడాదికి 35,000 రూపాయల పరిమితి పెట్టారు. ప్రవేశ పరీక్షలో 10,000 లోపు ర్యాంకు వస్తే పూర్తి ఫీజు; ఆ పైన అయితే 35,000 ప్రభుత్వానిది, మిగతాది ఇంటిది. తెలంగాణ వచ్చాక కూడా అదే సాగింది. ఫీజుల నియంత్రణ కమిటీ మూడేళ్లకోసారి కాలేజీల ఫీజులు ఖరారు చేస్తుంది. 2022లో కనీస ఫీజునే 45,000కు పెంచారు. ప్రభుత్వం ఇచ్చే 35,000 మాత్రం అక్కడే ఉంది. అంటే అన్నిటికంటే చవకైన కాలేజీలో చేరిన బీసీ విద్యార్థి కూడా ఏటా 10,000 చేతి నుంచి పెట్టుకోవాలి.

ఈ అమ్మాయి ర్యాంకు 30 వేల పైచిలుకు. కాలేజీ ఫీజు 65,000. ఇంటి వాటా ఏడాదికి 30,000, నాలుగేళ్లకు 1,20,000. అదంతా కట్టారు. రెండేళ్లు మహిళా సంఘంలో లోను తీసుకుని, ఒక ఏడాది తల్లి గొలుసు తాకట్టు పెట్టి కట్టారు. రసీదులన్నీ ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని వచ్చారు. ఆ కవరు లేకపోతే ఈ కేసు ఇంత తేలిగ్గా నిలబడేది కాదు.

మూడు గడుల కాగితం

నేను ఏ కేసులోనైనా ముందు కాగితం మీద మూడు గడులు గీస్తాను. ఒకటి, కుటుంబం కట్టాల్సింది. రెండు, ప్రభుత్వం కట్టాల్సింది. మూడు, ఎవరూ కట్టనక్కర్లేనిది. కాలేజీ ఇచ్చే "డ్యూస్" చీటీ మీద ఈ మూడూ కలిపి ఒకే మొత్తంగా ఉంటాయి. కుటుంబానికి ఆ పెద్ద అంకె ఒక్కటే కనిపిస్తుంది, దాంతోనే వాళ్లు సగం ఓడిపోతారు.

ఈ కేసులో చీటీ మీద 70,000తో పాటు "ఇతర రుసుములు" అని ఇంకో 8,000 ఉంది. దేనికో రాయలేదు. రాతపూర్వకంగా వివరం అడిగితే ఇవ్వలేదు. అది మూడో గడిలోకి వెళ్లింది.

మొదటి గడికి ఆధారం రసీదులు. రెండో గడికి ఆధారం చాలామంది పారేసుకునే ఒక కాగితం: కౌన్సెలింగ్‌లో సీటు వచ్చినప్పుడు కన్వీనర్ ఇచ్చే అలాట్‌మెంట్ ఆర్డర్. రీయింబర్స్‌మెంట్‌కు అర్హత ఉందా, అభ్యర్థి కట్టాల్సింది ఎంత అన్నది అందులోనే ఉంటుంది. ఈ అమ్మాయి కట్టాల్సింది 30,000 అని అందులో స్పష్టంగా ఉంది. ఆమె ఆ షరతు మీదే సీటు తీసుకుంది, కాలేజీ ఆ షరతు మీదే చేర్చుకుంది. 35,000 విషయంలో ఇచ్చిపుచ్చుకోవడం ప్రభుత్వానికీ కాలేజీకీ మధ్యది. తెలంగాణలో ఆ ట్యూషన్ ఫీజు విద్యార్థి చేతికే రాదు, నేరుగా కాలేజీ ఖాతాకు వెళ్తుంది. విద్యార్థి ఖాతాలో పడేది మెయింటెనెన్స్ సొమ్ము మాత్రమే. ఎన్నడూ తన చేతికి రాని డబ్బుకు ఆమె బాకీదారు ఎలా అవుతుంది?

కాలేజీ దగ్గర దీనికి ఒక జవాబు ఉంది. చేరేటప్పుడు తల్లిదండ్రులతో సంతకం చేయించుకున్న అండర్‌టేకింగ్: ప్రభుత్వం ఇవ్వకపోతే మేమే కడతామని. ఇంగ్లిష్‌లో ఉన్న ఆ కాగితం మీద తండ్రి తెలుగులో సంతకం పెట్టాడు. సీటు పోతుందన్న భయంతో పెట్టిన సంతకం అది. నియంత్రణ కమిటీ ఖరారు చేసిన ఫీజు, కన్వీనర్ ఇచ్చిన ఆర్డర్ ఉండగా వాటిని దాటి కాలేజీ సొంతంగా రాయించుకున్న కాగితానికి ఎంత బలం ఉంటుందన్నది వాదించదగ్గ విషయమే. ఆ వాదన కోర్టుదాకా పోకముందే తేలింది.

డబ్బు ఎక్కడ ఆగింది

ఇది కేసులో కీలకమైన చోటు కాబట్టి నిదానంగా చెబుతాను. "ప్రభుత్వం ఇవ్వలేదు" అనే మాటను అలాగే ఒప్పుకోకూడదు. స్కాలర్‌షిప్ దరఖాస్తుల ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-పాస్‌లో విద్యార్థి దరఖాస్తు పెట్టాక అది కాలేజీ లాగిన్‌కు వెళ్తుంది. ప్రిన్సిపల్ పరిశీలించి, విద్యార్థి వేలిముద్ర తీసుకుని, 75 శాతం హాజరు ఉందో లేదో చూసి, పై తరగతికి ప్రమోట్ అయినట్టు ధ్రువీకరించి, కాగితాలతో సహా జిల్లా సంక్షేమ కార్యాలయానికి పంపాలి. అక్కడ మంజూరై బిల్లు ట్రెజరీకి వెళ్తుంది. ట్రెజరీలో టోకెన్ నంబరు పడుతుంది. ఆర్థిక శాఖ నిధులు వదిలేదాకా ఆ టోకెన్ అలాగే ఉంటుంది. విద్యార్థుల నోట "టోకెన్ పడింది, పైసలు పడలే" అనే మాట వినిపించేది ఈ దశలోనే.

అమ్మాయి దరఖాస్తు నంబర్లతో నాలుగేళ్ల స్టేటస్‌నూ తీయించాను. మొదటి రెండేళ్ల డబ్బు కాలేజీకి చేరింది. నాలుగో ఏడాదిది మంజూరై, టోకెన్ పడి ఆగింది. మూడో ఏడాది రెన్యువల్ మాత్రం కాలేజీ లాగిన్ దాటి కదల్లేదు. అమ్మాయి గడువులోనే దరఖాస్తు పెట్టింది, వేలిముద్ర వేసింది, కాగితాలు కాలేజీ ఆఫీసులో ఇచ్చింది. ఇచ్చినప్పుడు తీసుకున్న స్టాంపు కాపీ కూడా కవరులో ఉంది. కాలేజీయే పైకి పంపలేదు.

స్టేటస్ పేజీ ఒక్కటే చాలదు, రేపు అది మారిపోవచ్చు. అందుకే సమాచార హక్కు చట్టం కింద జిల్లా బీసీ సంక్షేమ కార్యాలయానికి అర్జీ పెట్టించాం. అడిగినవి మూడే: ఏ ఏడాది దరఖాస్తు కాలేజీ నుంచి ఎప్పుడు అందింది, ఎప్పుడు మంజూరైంది, ట్రెజరీ టోకెన్ నంబరు, తేదీ. ముప్పై రోజుల గడువులోనే జవాబు వచ్చింది. మూడో ఏడాది దరఖాస్తు కాలేజీ నుంచి అందలేదని అందులో ఒక్క వాక్యం ఉంది. కేసు మొత్తాన్ని తిప్పింది ఆ వాక్యమే. 70,000లో సగం ప్రభుత్వ బకాయి, సగం కాలేజీ సొంత నిర్లక్ష్యం. రెండింటికీ తాకట్టు మాత్రం అమ్మాయి సర్టిఫికెట్లు.

ఏ సర్టిఫికెట్‌కు ఏ వాదన

"సర్టిఫికెట్లు" అని అందరం ఒక్క మాటలో అంటాం గానీ కాలేజీ బీరువాలో ఉన్నవి మూడు రకాలు. వాటి మీద చట్టం ఒకేలా లేదు.

టెన్త్, ఇంటర్ ఒరిజినల్ మెమోలు మొదటి రకం. ప్రవేశ సమయంలో పరిశీలించి అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయాలని, ఒరిజినల్స్ ఉంచుకోకూడదని యూజీసీ 2018 అక్టోబర్‌లో నోటిఫికేషన్ ఇచ్చింది. వీటిలో వాదించడానికి ఏమీ లేదు. నాలుగేళ్లు ఉంచుకోవడమే తప్పు.

ప్రొవిజనల్ సర్టిఫికెట్, కన్సాలిడేటెడ్ మార్కుల మెమో రెండో రకం. ఇవి విశ్వవిద్యాలయం విద్యార్థి పేర ఇచ్చేవి. కాలేజీ మధ్యలో అందజేసే చోటు మాత్రమే. పోస్ట్‌మ్యాన్ ఉత్తరాన్ని ఆపి డబ్బు అడిగితే ఎలా ఉంటుందో ఇదీ అంతే. సర్టిఫికెట్లు అమ్మకానికో తాకట్టుకో పనికొచ్చే వస్తువులు కావని, వాటి మీద కాంట్రాక్టు చట్టం కింద లీన్ (బాకీ తీరేదాకా వస్తువును ఆపి ఉంచుకునే హక్కు) ఉండదని మద్రాసు హైకోర్టు చెప్పింది. నోటీసులో ఆ సూత్రాన్నే ఎత్తిచూపాం.

టీసీ మూడో రకం, కష్టమైనది. ఇది కాలేజీ సొంతంగా ఇచ్చేది. "నో డ్యూస్" అయ్యాకే ఇవ్వడం అలవాటుగా ఉంది, విద్యార్థి నిజంగా బాకీ ఉంటే కాలేజీ వాదనకు కొంత బలం ఉంటుంది కూడా. అందుకే మూడు గడుల కాగితం. విద్యార్థి గడిలో సున్నా అని రుజువైతే టీసీ ఆపడానికి కారణమే మిగలదు. ఎంటెక్‌లో చేరాలంటే అడిగేది సరిగ్గా ఈ టీసీనే.

ఈ అమ్మాయికి అదే అవసరం పడింది. ఎంటెక్ ప్రవేశ పరీక్ష పీజీఈసెట్ రాసింది, సీటు కూడా వచ్చింది. రిపోర్ట్ చేయాల్సిన గడువులోపు ఒరిజినల్స్ లేవు. సీటు పోయింది. ఆ రోజు ఆమె ఫోన్ చేసి "పోనీయండి మేడం, ఉద్యోగమన్నా దొరుకుద్ది, దానికన్నా ఇప్పించండి" అంది. ఇరవై రెండేళ్ల పిల్ల తన చదువును తనే వదులుకుని మనల్ని ఓదార్చాల్సి రావడం నాకు మింగుడు పడలేదు, ఇప్పటికీ పడదు.

రాజీ, అందులో కొట్టేసిన వాక్యం

ప్రిన్సిపల్‌కు ఇచ్చిన అర్జీ తీసుకోలేదు. రిజిస్టర్డ్ పోస్టులో పంపించాం. విశ్వవిద్యాలయ రిజిస్ట్రార్‌కు కాపీ పెట్టాం. తర్వాత లీగల్ నోటీసు. దానికి జవాబు రాకముందే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ప్రీలిటిగేషన్ అర్జీ, అంటే కోర్టుకు వెళ్లకముందే రాజీ కుదర్చమనే అర్జీ, వేయించాను. న్యాయసేవల చట్టం సెక్షన్ 12 కింద మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంటుంది; ఈ సంగతి చాలామంది అమ్మాయిలకు తెలియదు. హైకోర్టులో రిట్ వేయడం బలమైన మార్గమే గానీ, హైదరాబాద్ వెళ్లి రావడం, ఆ ఖర్చు, ఆ జాప్యం ఈ కుటుంబానికి భారం. రిట్ ముసాయిదా సిద్ధంగా పెట్టుకుని రాజీకి కూర్చున్నాం.

కాలేజీ తరఫున వచ్చిన పరిపాలనాధికారి చెప్పింది అబద్ధమని నేను అనను. ప్రభుత్వం నుంచి రావాల్సింది కోట్లలో ఉంది, లెక్చరర్లకు జీతాలు నెలల తరబడి ఆలస్యమవుతున్నాయి. 2025 నవంబర్ మొదటి వారంలో తెలంగాణ ప్రైవేటు కాలేజీలు బకాయిల కోసం తలుపులు మూసి, ఉపముఖ్యమంత్రి భట్టి విక్రమార్కతో చర్చల తర్వాతే తెరిచాయి. ఇబ్బంది నిజం. కానీ ఆ ఇబ్బందిని తీర్చగలిగే శక్తి ఎవరికి ఉందో వాళ్లను వదిలేసి, ఎవరికి అసలు లేదో వాళ్ల మెడ మీద కూర్చోవడం న్యాయం కాదు. ఈ మాటే ఆయనతో అన్నాను.

సమాచార హక్కు జవాబు చూపించాక మాట మెత్తబడింది. సర్టిఫికెట్లు ఇవ్వడానికి ఒప్పుకున్నారు, 8,000 వదిలేశారు. ప్రతిగా ఒక అండర్‌టేకింగ్ రాసిమ్మన్నారు. ముసాయిదాలో మొదటి వాక్యం బాగానే ఉంది: నాలుగో ఏడాది డబ్బు ప్రభుత్వం విడుదల చేస్తే అది కాలేజీకే చెందుతుంది, విద్యార్థి అభ్యంతరం చెప్పదు. రెండో వాక్యం: ఒక ఏడాదిలోపు రాకపోతే విద్యార్థి వడ్డీతో కట్టాలి. ఆ వాక్యం ఉంటే మేం గెలిచింది ఏమీ లేదు. ప్రభుత్వ బాకీని కాలేజీ చేతి నుంచి అమ్మాయి తల మీదకు రాతపూర్వకంగా మార్చినట్టు అవుతుంది. కుటుంబం సంతకానికి సిద్ధమైంది. "ఎట్లనన్నా రానీ మేడం, కాగితాలు చేతికొస్తే చాలు" అన్నాడు తండ్రి. ఆయన అలసట నాకు అర్థమైంది. అయినా పెన్ను పక్కన పెట్టించాను. వాదన సాగింది. చివరికి న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శి ఎదుట ఆ వాక్యం కొట్టేసి, ఇరుపక్షాలూ పక్కన పొట్టి సంతకం చేశాకే మిగతా సంతకాలు జరిగాయి.

ఇలాంటి కేసులు చూసే మిత్రులకు నేను గట్టిగా చెప్పేది ఇదే: సర్టిఫికెట్లు చేతికొస్తున్న నిమిషంలోనే కుటుంబం అన్నిటికంటే బలహీనంగా ఉంటుంది. ఆ నిమిషంలో పెట్టే సంతకాన్ని చదివాకే పెట్టించండి. తెలుగులో చదివి వినిపించండి.

ఖాతా మారితే సరిపోతుందా

డబ్బు కాలేజీకి కాకుండా ఇంటికే ఇస్తే ఈ బాధ తప్పుతుంది కదా అని అడిగేవాళ్లున్నారు. పక్క రాష్ట్రం దాన్ని చేసి చూసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఏప్రిల్ నుంచి జగనన్న విద్యా దీవెన కింద ఫీజును మూడు నెలలకోసారి తల్లుల ఖాతాల్లో వేశారు. తల్లికి కాలేజీని నిలదీసే హక్కు వస్తుందన్నది ఆలోచన. అందులో గౌరవం ఉంది, కాదనను. కానీ విడత ఆలస్యమైనప్పుడు కాలేజీ తల్లినే అడిగింది. తెలంగాణలో కనీసం "ఇది నా బాకీ కాదు" అనే వాదన మిగిలింది. అక్కడ ఖాతా తల్లిది కాబట్టి ఆ వాదన కూడా పలచబడింది. 2024లో వచ్చిన ప్రభుత్వం మళ్లీ కాలేజీలకే చెల్లించే పద్ధతికి మారింది. బకాయిల గొడవ అక్కడా తీరలేదు. ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవారికి 2020-21 నుంచి రీయింబర్స్‌మెంటే ఆపేసిన జీవో 77 ఎంతమంది ఎంఏలు, ఎమ్మెస్సీలను మధ్యలో వదిలేసిందో వేరే రాయాల్సిన కథ.

రెండు రాష్ట్రాలనూ చూశాక నా అభిప్రాయం ఇది. ఏ ఖాతాలో వేస్తారన్నది అసలు విషయం కాదు, ఏ తేదీన వేస్తారన్నదే విషయం. ఈ పథకంలో ప్రతి ఒక్కరికీ గడువు ఉంది. విద్యార్థి ఫలానా తేదీలోపు దరఖాస్తు పెట్టాలి, ఆదాయ ధ్రువీకరణ తేవాలి, వేలిముద్ర వేయాలి. ఒక్క రోజు దాటితే ఏడాది పోతుంది. చెల్లించాల్సిన ప్రభుత్వానికి మాత్రం గడువు లేదు, ఆలస్యమైతే వడ్డీ లేదు. మంజూరైన బిల్లును ఇన్ని రోజుల్లో చెల్లించాలని, దాటితే వడ్డీ కాలేజీకి ఇవ్వాలని, ఆలోపు విద్యార్థిని అడగడం నేరమని చట్టమే చేయాలి. పథకం జీవోల మీద నడుస్తున్నంతకాలం అది ఆర్థిక శాఖ వీలును బట్టే నడుస్తుంది.

ఇంకోటి, దీనికి చట్టం కూడా అక్కర్లేదు. కాలేజీ లాగిన్‌లో ఒక దరఖాస్తు ముప్పై రోజులకు మించి కదలకపోతే విద్యార్థి ఫోన్‌కు తెలుగులో సందేశం వెళ్లాలి. ఈ అమ్మాయికి అలాంటి ఒక్క సందేశం 2023లో వచ్చి ఉంటే మూడో ఏడాది 35,000 కథే ఉండేది కాదు.

ప్రస్తుత స్థితి

మూడో ఏడాది దరఖాస్తు కోసం ఆ ఏడాది లాగిన్‌ను మళ్లీ తెరవాలని జిల్లా అధికారి పైకి లేఖ రాశారు. జవాబు రావాలి. వచ్చినా రాకపోయినా ఆ మొత్తానికి విద్యార్థిని అడగబోమని కాలేజీ రాజీ పత్రంలో ఒప్పుకుంది. నాలుగో ఏడాది టోకెన్ ఇంకా ట్రెజరీలోనే ఉంది. అమ్మాయి హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో చేరింది. పీజీఈసెట్ మళ్లీ రాస్తానంటోంది.

ఆమె తమ్ముడు ఈసారి ఎప్‌సెట్ రాశాడు. వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు తల్లి ఆ కవరుతోనే వచ్చింది. అక్కకంటే మంచి ర్యాంకు, అయినా 10,000 పైనే. మొదట విశ్వవిద్యాలయ కాలేజీలు పెట్టించాను. ఆ తర్వాత ఏ బ్రాంచి, ఏ కాలేజీ మంచిదని కాకుండా, ఫీజులో 35,000 పోగా మిగిలేది ఎంత అన్న వరసలో పెట్టమంది తల్లి. వాడికి ఇష్టమైన కాలేజీ ఆ వరసలో పదకొండోది అయింది.